సీఎన్‌సీ లేత్ మీద జాబ్ ఎక్కించే ముందు డ్రాయింగ్ ఎలా చదవాలి: ఒక షాఫ్ట్ ఉదాహరణతో

డ్రాయింగ్ చేతికి రాగానే కన్ను బొమ్మ మీదికే పోతుంది. దాన్ని అక్కడి నుంచి లాగి కుడివైపు కింది మూలకు తీసుకెళ్లండి. టైటిల్ బ్లాక్, నోట్స్, రివిజన్ పట్టిక పూర్తిగా చదివాకే బొమ్మ దగ్గరికి రండి. అంకె తప్పు చదివితే ఇన్‌స్పెక్షన్‌లో దొరికిపోతుంది. అసలు చదవని నోటు మాత్రం వంద పీసులు తయారై పార్టీ దగ్గరికి వెళ్లాక బయటపడుతుంది.

చేతిలో ఏదో ఒక జాబ్ ఉంటేనే విషయం తలకెక్కుతుంది కాబట్టి ఒక మెట్ల షాఫ్ట్ తీసుకుందాం. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ షాపుల్లో ఇలాంటివి కొత్తేమీ కావు. ఒక కాగితం తీసుకుని ఎడమ నుంచి కుడికి గీసుకోండి: డయా (వ్యాసం) 25 కే6 బేరింగ్ సీటు, 28 పొడవు (కే6 లాంటి ఫిట్ గుర్తుల సంగతి మూడో భాగంలో). తర్వాత డయా 30 హెచ్6, 60 పొడవు, దాని మీద 8 మిల్లీమీటర్ల కీవే (కీ కూర్చునే గాడి). తర్వాత డయా 40 కాలర్, 20 వెడల్పు. దాని అవతల మళ్లీ డయా 25 కే6 సీటు, 30 పొడవు. చివర ఎం20×1.5-6జీ త్రెడ్, 22 పొడవు. ఆ 22లోనే భుజం దగ్గర 4 వెడల్పు, డయా 17.7 అండర్‌కట్ (త్రెడ్ టూల్ బయటపడే గాడి). మొత్తం 160. మెటీరియల్ ఈఎన్8 స్టీలు, బార్ డయా 45.

1. టైటిల్ బ్లాక్‌ను ఏం అడగాలి

మొదట రివిజన్. డ్రాయింగ్ మీది రివిజన్, పర్చేజ్ ఆర్డర్ మీది రివిజన్ ఒకటేనా చూడండి. బొమ్మలో చిన్న త్రికోణంలో అంకెనో అక్షరమో ఉంటే అక్కడ ఏదో మారిందని గుర్తు. ఏం మారిందో రివిజన్ పట్టికలో ఉంటుంది. పాత ప్రోగ్రాం మెషీన్‌లో ఉంది కదా అని నేరుగా సైకిల్ స్టార్ట్ నొక్కే అలవాటుకు ఇక్కడే దెబ్బ పడుతుంది.

తర్వాత యూనిట్లు. అమెరికా నుంచి వచ్చే డ్రాయింగ్‌లు చాలావరకు అంగుళాల్లో ఉంటాయి. యూరప్ డ్రాయింగ్‌లో 25,4 అని కామా కనిపిస్తే అది దశాంశ బిందువే.

షీట్ నంబరు కూడా చూడండి. "1/2" అని ఉంటే రెండో షీటు ఇంకెక్కడో ఉందన్నమాట. అది తెప్పించుకునే దాకా ప్రోగ్రాం మొదలుపెట్టకండి. స్కేలు 1:1 అని రాసి ఉన్నా ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలవకండి. జిరాక్స్ తీసినప్పుడు, పీడీఎఫ్‌ను పేజీకి సరిపడా ప్రింట్ చేసినప్పుడు సైజు మారిపోతుంది. ఏదైనా కొలత కింద గీత ఉంటే, బొమ్మ ఆ కొలతకు తగ్గట్టు గీయలేదని అర్థం. మీరు నమ్మాల్సింది అంకెనే.

ప్రొజెక్షన్ గుర్తు అంటే కొన తెగిన కోన్ బొమ్మ, దాని పక్కన రెండు వృత్తాలు. వృత్తాలు కోన్ సన్న కొన పక్కన ఉంటే థర్డ్ యాంగిల్, లావు కొన పక్కన ఉంటే ఫస్ట్ యాంగిల్. మన దేశంలోనూ యూరప్‌లోనూ ఫస్ట్ యాంగిల్, అమెరికాలో థర్డ్ యాంగిల్ వాడుక. ఫస్ట్ యాంగిల్‌లో ఎడమ నుంచి చూసిన వ్యూను కుడివైపు గీస్తారు, థర్డ్ యాంగిల్‌లో ఎడమవైపే గీస్తారు. గుండ్రటి షాఫ్ట్‌కు ఇది తప్పు చదివినా చాలాసార్లు గట్టెక్కుతాం. కీవేకు 90 డిగ్రీల్లో ఒక అడ్డ రంధ్రం ఉందనుకోండి, అది అవతలి పక్కకు వెళ్లిపోతుంది. ఎడమ బూటుకు బదులు కుడి బూటు చేసినట్టే.

ఇక హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ నోట్లు. "కొలతలన్నీ ప్లేటింగ్ తర్వాత" అని ఉంటే జాగ్రత్త. జింక్ ప్లేటింగ్ 8 మైక్రాన్ల మందం అనుకుంటే డయా 16 మైక్రాన్లు పెరుగుతుంది. త్రెడ్ పిచ్ డయా అయితే మందానికి నాలుగు రెట్లు, అంటే 32 మైక్రాన్లు పెరుగుతుంది. 1.5 పిచ్‌కు (పక్కపక్క త్రెడ్ల మధ్య దూరం) 6జీ టాలరెన్స్ (కొలత నామినల్ నుంచి జరగడానికి ఇచ్చే అనుమతి) ఇచ్చే ఖాళీ సరిగ్గా ఆ 32 మైక్రాన్లే! ప్లేటింగ్‌కు ముందు త్రెడ్‌ను పై హద్దుకు ఆనించి కోసి ఉంటే, తిరిగొచ్చాక గో రింగ్ గేజ్ (త్రెడ్ సరిచూసే రింగు) ఎక్కదు.

2. టాలరెన్స్ రాయని కొలతలకు టాలరెన్స్ ఎక్కడిది

"టాలరెన్స్ ఇవ్వలేదు, ఎంతైనా ఫర్వాలేదు" అనే మాట షాపులో వినిపిస్తూనే ఉంటుంది. టాలరెన్స్ ఇచ్చారు, టైటిల్ బ్లాక్‌లో ఇచ్చారు. "ఐఎస్ఓ 2768-ఎంకే" అని ఉంటే చిన్న ఎం పొడవులు, డయాలు, కోణాలకు. పెద్ద కే ఫ్లాట్‌నెస్, స్ట్రెయిట్‌నెస్ వంటి ఆకారాలకు. ఈ రెండో భాగం స్థానంలో 2021లో ఐఎస్ఓ 22081 వచ్చింది కాబట్టి కొత్త డ్రాయింగ్‌ల మీద ఆ నంబరు కనిపించవచ్చు.

మధ్యమం అనే ఎం తరగతిలో రోజూ అక్కరకొచ్చే అంకెలు ఇవి. మెషీన్ పక్కన అంటించుకోండి:

0.5 నుంచి 6 వరకు ±0.1
6 పైన 30 వరకు ±0.2
30 పైన 120 వరకు ±0.3
120 పైన 400 వరకు ±0.5

మన షాఫ్ట్‌లో కాలర్ డయా 40కి ±0.3, అండర్‌కట్ వెడల్పు 4కి ±0.1. చాంఫర్లకు పట్టిక వేరు: 3 వరకు ±0.2. కాబట్టి 1×45° చాంఫర్ 0.8 నుంచి 1.2 మధ్య ఉండాలి.

మూడు రకాల కొలతలకు ఈ పట్టిక వర్తించదు. బ్రాకెట్‌లో ఉన్న కొలత రిఫరెన్స్ మాత్రమే, దాన్ని చూసి కోయకూడదు, దాని మీద రిజెక్ట్ చేయకూడదు. చతురస్రపు పెట్టెలో ఉన్నది బేసిక్ కొలత. దాని టాలరెన్స్ పక్కనే ఉండే జామెట్రీ ఫ్రేమ్‌లో ఉంటుంది. కే6, హెచ్7 లాంటి అక్షరం అంటుకున్న కొలతకు ఫిట్ పట్టిక చూడాలి.

3. ప్రతి కొలతకూ నంబరు వేసి, హద్దులు రాయడం

పెన్నుతో ప్రతి కొలత చుట్టూ ఒక నంబరు వేయండి. ఎడమ పైమూల నుంచి గడియారం తిరిగే దిశలో పోతే ఏదీ తప్పిపోదు. నోట్స్‌కూ నంబర్లు వేయండి. "పదును అంచులు 0.3 విరవాలి" అన్నది కూడా ఒక కొలతే.

తర్వాత ఒక తెల్లకాగితం మీద నంబరు, డ్రాయింగ్ విలువ, పై హద్దు, కింది హద్దు, మధ్య విలువ, ఏ సెట్టింగ్‌లో కోస్తాం, దేనితో కొలుస్తాం అని ఏడు గడులు గీయండి. ఈ కాగితం పూర్తయితే ప్రోగ్రాం సగం రాసినట్టే.

ఫిట్ అక్షరాల్లో పెద్దక్షరం రంధ్రానికి, చిన్నక్షరం షాఫ్ట్‌కు. పెద్ద హెచ్7 రంధ్రం నామినల్ నుంచి పైకే పోతుంది. డయా 25కి అది 25.000 నుంచి 25.021. చిన్న హెచ్6 షాఫ్ట్ నామినల్ నుంచి కిందికే పోతుంది. డయా 30కి 30.000 నుంచి 29.987. కే6 సంగతి వేరు, రెండు హద్దులూ నామినల్ కంటే పైనే ఉంటాయి: డయా 25కి 25.002 నుంచి 25.015. కొత్తవాళ్లు 25.000 కొట్టి "సైజు పక్కాగా వచ్చింది" అంటారు. ఆ జాబ్ అండర్‌సైజ్. బేరింగ్ లోపలి రింగ్ షాఫ్ట్ మీద బిగువుగా కూర్చోవడానికే డిజైనర్ కే6 అడిగాడు.

మధ్య విలువ ఎందుకు రాయాలంటే, ప్రోగ్రాంలో పెట్టాల్సింది అదే. లేత్‌లో ఎక్స్ విలువ డయాలోనే ఇస్తాం కాబట్టి కే6 సీటుకు 25.0085 (కంట్రోల్ మూడు దశాంశాలే తీసుకుంటే 25.008), హెచ్6కు 29.993. మోడల్ నుంచి క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా ప్రోగ్రాం తీస్తే అది నామినల్ 30.000 ఇస్తుంది, అంటే పై హద్దు అంచు. ఇన్సర్ట్ (టూల్ కొసన కోసే ముక్క) కాస్త అరిగినా జాబ్ ఓవర్‌సైజ్. ఇక 25ను ఆఫ్‌సెట్‌తో (కంట్రోల్‌లో ఇచ్చే టూల్ సవరణ) సరిచేద్దామంటే అదే టూల్‌తో కోసే 30 కూడా దాంతో పాటు కదులుతుంది. రెండూ మధ్య విలువల్లో ఉంటే ఒకే ఆఫ్‌సెట్ రెండింటికీ సరిపోతుంది.

4. కొలత ఎక్కడి నుంచి మొదలవుతోంది

చదవడంలో అసలు పని ఇదే, కాస్త నిదానంగా చూడండి. మన డ్రాయింగ్‌లో కాలర్ కుడి ముఖానికి డేటమ్ సీ అని పేరు పెట్టారు (డేటమ్ అంటే కొలతలు మొదలయ్యే ఆధారం). పొడవులన్నీ అక్కడి నుంచే ఇచ్చారు: కుడివైపు త్రెడ్ భుజానికి 30 ±0.05, కుడి కొసకు 52. ఎడమవైపు కాలర్ రెండో ముఖానికి 20 ±0.05, డయా 30 చివరికి 80, ఎడమ కొసకు 108. మొత్తం పొడవు బ్రాకెట్‌లో (160).

ఆపరేటర్ అలవాటు వేరు. కొస ఫేసింగ్ (ముఖం చదును) చేసి అదే జెడ్ సున్నా అంటాడు. మొదటి సెట్టింగ్‌లో అలా చేసినా నష్టం లేదు: త్రెడ్ భుజం జెడ్ మైనస్ 22, కాలర్ ముఖం జెడ్ మైనస్ 52. రెండూ ఒకే బిగింపులో కోస్తున్నాం కాబట్టి వాటి మధ్య 30 మెషీన్ ఖచ్చితత్వం మీదే వస్తుంది.

తేడా తిప్పి పట్టినప్పుడు వస్తుంది. రెండో పక్క కూడా కొసనే సున్నా చేసుకుని కాలర్ ఎడమ ముఖాన్ని మైనస్ 88లో కోస్తే కాలర్ వెడల్పులోకి మొత్తం పొడవు తేడా అంతా దిగుతుంది. పొడవు 160.2 వస్తే కాలర్ 20.2 వస్తుంది. టాలరెన్స్ 0.05 మాత్రమే కదా, జాబ్ పోయింది. పొడవుల్లో ఒక్క కొలతా తప్పు చదవలేదు; మొదలయ్యే చోటు తప్పింది, అంతే.

సరైన పద్ధతి: సాఫ్ట్ జాస్‌ను (చక్‌లో జాబ్‌ను పట్టే, కోసి సరిచేసుకునే దవడలు) సీటు డయాకు బోర్ చేసి, వాటి ముఖాన్ని కూడా అదే సెట్టింగ్‌లో ఫేసింగ్ చేయండి. కాలర్ కుడి ముఖం ఆ జా ముఖానికి ఆనేలా నొక్కి బిగించండి. జా ముఖమే జెడ్ సున్నా. అప్పుడు కాలర్ ఎడమ ముఖం జెడ్ ప్లస్ 20, డయా 30 చివర ప్లస్ 80, కొస ప్లస్ 108. డ్రాయింగ్‌లోని అంకెలే ప్రోగ్రాంలో కనిపిస్తాయి. అలా కనిపించడమే డేటమ్ సరిగ్గా పట్టుకున్నామనడానికి గుర్తు. ప్రతి జాబ్ పెట్టేముందు జా ముఖాన్ని గాలితో ఊదండి. ఒక్క చిప్ ఇరుక్కుంటే 20 కాస్తా 19.8 అవుతుంది.

5. రనౌట్ ఫ్రేమ్ చూసి సెట్టింగ్‌లు తేల్చడం

డయా 30 మీద ఒక పెట్టె ఉంది: వాలు బాణం (రనౌట్, అంటే తిరిగేటప్పుడు ఊగడానికి గుర్తు), 0.02, ఏ-బీ. ఏ అంటే ఎడమ సీటు, బీ అంటే కుడి సీటు. రెండు సీట్లనూ కలిపి ఒకే అక్షంగా తీసుకుని షాఫ్ట్‌ను తిప్పితే, డయా 30 మీద డయల్ ముల్లు మొత్తం కదలిక 0.02 దాటకూడదు. మొత్తం కదలిక అంటే కేంద్రం 0.01 జరిగినా 0.02 నిండిపోతుంది.

రెండు సీట్లూ కాలర్‌కు చెరో పక్క ఉన్నాయి. ఒకటి మొదటి బిగింపులో, ఇంకోటి తిప్పి పట్టాక ఫినిష్ చేస్తే ఈ 0.02 అదృష్టం మీద ఆధారపడుతుంది. డిజైనర్ ఆ సంగతి ఆలోచించాడనడానికి ఆధారం కొసల దగ్గర ఉంటుంది. "ఐఎస్ఓ 6411 బీ 2.5/8" అని రాసి, పక్కన తెరిచిన కోణం గుర్తు ఉంటే సెంటర్ రంధ్రాలు జాబ్‌లో ఉండి తీరాలి. గుర్తు లేకపోతే ఉన్నా ఫర్వాలేదు. ఇంగ్లిష్ కే అక్షరంలా ఉంటే మిగలకూడదు, చివర్లో కోసేయాలి.

కాబట్టి మన క్రమం ఇలా తేలుతుంది. మొదటి సెట్టింగ్: ఫేసింగ్, సెంటర్, కుడివైపు రఫింగ్, త్రెడ్, సీటు మీద 0.5 మిగులు. రెండో సెట్టింగ్: తిప్పి ఫేసింగ్, సెంటర్, ఎడమవైపు రఫింగ్, కాలర్ ముఖం, అదే 0.5 మిగులు. మూడోది: రెండు సెంటర్ల మధ్య పెట్టి 25, 30, 25 మూడూ ఒకే బిగింపులో ఫినిష్. డాగ్‌ను (జాబ్‌ను తిప్పే క్లాంపు) త్రెడ్ కొసకు, చీలిన ఇత్తడి బుష్ వేసి బిగించండి. కాలర్‌కు అవతలి సీటుకు ఎదురు చేతి టూల్ కావాలి, టర్రెట్‌లో ముందే చోటు ఉంచుకోండి. చక్‌లో పట్టే సెంటర్‌ను అక్కడికక్కడే 60 డిగ్రీలకు ఒక కట్ తీసుకుంటే దాని రనౌట్ దాదాపు పోతుంది.

ఫ్లాంజ్ జాబుల్లో కనిపించే పొజిషన్ ఫ్రేమ్ గురించి ఒక్క మాట. పెట్టెలో డయా గుర్తుతో 0.2 ఉంటే రంధ్రం కేంద్రం 0.2 డయా వృత్తంలో ఉండాలి, అంటే ఏ దిశలోనైనా 0.1. ఎక్స్‌లో 0.08, వైలో 0.08 తప్పితే రెండూ విడిగా బాగున్నట్టే కనిపిస్తాయి. కానీ మూలగా దూరం 0.113, దానికి రెండింతలు 0.226. రిజెక్ట్.

6. మూల రేడియస్, ఫినిష్, ఇన్సర్ట్: మూడూ కలిపి చదవండి

సీటు భుజం మూలలో "ఆర్0.6 గరిష్ఠం" అని, సీటు మీద ఆర్ఏ (ఉపరితల గరుకు, మైక్రాన్లలో) 0.8 అని ఉంది. ఇవి రెండు వేర్వేరు నోట్లుగా కనిపిస్తాయి గానీ రెండూ కలిసి ఒకే ఇన్సర్ట్‌ను ఎంచుతాయి. నోస్ రేడియస్ 0.8 ఇన్సర్ట్ పెడితే మూలలో 0.8 కంటే చిన్న రేడియస్ ఎలాగూ రాదు, బేరింగ్ భుజానికి ఆనదు. కాబట్టి 0.4 నోస్. ఇప్పుడు ఫీడ్. ఆర్ఏ సుమారుగా ఫీడ్ వర్గాన్ని నోస్ రేడియస్‌కు 32 రెట్లతో భాగిస్తే వస్తుంది. 0.4 నోస్‌తో 0.1 ఫీడ్‌కు 0.78 మైక్రాన్లు. లెక్కకు సరిపోయినా ఇన్సర్ట్ అరిగితే దాటిపోతుంది. 0.08 ఫీడ్‌కు 0.5 వస్తుంది, అది పెట్టండి.

పాత డ్రాయింగ్‌లలో త్రికోణాలు ఉంటాయి: ఒకటి 25 నుంచి 8 మైక్రాన్లు, రెండు 8 నుంచి 1.6, మూడు 1.6 కంటే నునుపు. ఎన్6 అంటే 0.8, ఎన్7 అంటే 1.6, ఎన్8 అంటే 3.2.

7. త్రెడ్, కీవే

ఎం20×1.5-6జీలో 1.5 పిచ్, 6జీ బయటి త్రెడ్ టాలరెన్స్. పిచ్ రాయకుండా ఎం20 అని మాత్రమే ఉంటే కోర్స్ పిచ్ 2.5 అని అర్థం. 6జీ ప్రకారం బయటి డయా 19.968 నుంచి 19.732, త్రెడ్‌కు ముందు 19.85 టర్నింగ్ చేయండి, 20.00 కాదు. లోతు పిచ్‌కు 0.613 రెట్లు, అంటే 0.92, అడుగు డయా 18.16. అండర్‌కట్ 17.7 దానికంటే లోపల ఉంది కాబట్టి టూల్ ఖాళీలోకి బయటపడుతుంది. డ్రాయింగ్‌లో అండర్‌కట్ డయా అడుగు డయా కంటే పెద్దగా కనిపిస్తే ఆగి అడగండి, అది డ్రాయింగ్ తప్పే.

కీవే వెడల్పు 8 పీ9 అంటే 7.985 నుంచి 7.949, బిగువు ఫిట్. 8 ఎండ్ మిల్‌ను నేరుగా దింపితే ఓవర్‌సైజ్ వస్తుంది. 6 కట్టర్‌తో రెండు గోడలూ విడిగా తీయండి. లోతు 4 అని కాకుండా అడుగు నుంచి అవతలి పక్కకు 26 అని ఇచ్చారు. కారణం ఉంది: పైభాగం కీవే కోశాక మిగలదు, 26ను మైక్రోమీటర్‌తో కొలవొచ్చు. షాఫ్ట్ గ్రైండింగ్‌కు వెళ్లేదైతే, 30.3 డయా మీద కీవే ముందే కొట్టాల్సి వస్తే లోతు 4 కాదు, 4.15. పైన 0.15 తర్వాత పోతుంది.

8. దేనితో కొలుస్తారో ముందే రాసుకోండి

13 మైక్రాన్ల టాలరెన్స్‌ను 0.02 వెర్నియర్‌తో కొలవడం గడ్డపారతో చెవి గోక్కోవడమే. 0.01 మైక్రోమీటర్ కూడా చాలదు, 0.001 మైక్రోమీటర్ గానీ స్నాప్ గేజ్ గానీ తీసుకోండి. డ్రాయింగ్ కొలతలకు ఆధారం 20 డిగ్రీల సెల్సియస్. కట్ నుంచి తీసిన షాఫ్ట్ 40 డిగ్రీల్లో ఉంటే డయా 25 దాదాపు 6 మైక్రాన్లు పెద్దగా చూపుతుంది, మీ టాలరెన్స్‌లో సగం. మే నెలలో షెడ్డులో జాబ్‌ను, మైక్రోమీటర్‌ను, స్టాండర్డ్ రాడ్‌ను ఒకే బల్ల మీద కాసేపు ఉంచి, మైక్రోమీటర్ సున్నా సరిచూసుకున్నాకే కొలవండి.

మొదటి పీసును సింగిల్ బ్లాక్‌లో నడపండి. ఫినిష్ పాస్‌కు ముందు ఎక్స్ ఆఫ్‌సెట్‌లో 0.2 ప్లస్ వేసి, కోసి, కొలిచి, తేడా సరిచేసి మళ్లీ అదే పాస్ నడపండి. పీసు దించాక ఏడు గడుల కాగితం తీసి ఒక్కో నంబరుకూ కొలిచిన విలువ రాయండి. ఖాళీగా మిగిలిన నంబరు ఉంటే రెండో బార్ చక్‌లో పెట్టకండి.